ఐదు తెల్లవారుజాములు కూర్చున్నా ఒక్క కూత లేదు: అడవి టర్కీలు ఏమైపోతున్నాయి?

ఓజార్క్_శీను (స్ప్రింగ్‌ఫీల్డ్, మిజౌరీ) · మే 11, 2025

ఇవాళ్టితో మా రాష్ట్రంలో స్ప్రింగ్ టర్కీ వేట సీజన్ అయిపోయింది. మూడు వారాల్లో ఐదు రోజులు వెళ్లాను. ప్రతిసారీ నాలుగున్నరకల్లా అదే ఓక్ చెట్టుకి వీపు ఆనించి, చీకట్లో చెవులు రిక్కించుకుని కూర్చున్నా. ఒక్క పుంజు కూత కూడా వినపడలేదు. ఒక్కటంటే ఒక్కటి.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ఇక్కడ వసంతంలో టర్కీ వేటంటే మగవాటినే, లేదా గడ్డం (ఛాతీ మీద వేలాడే కుచ్చు) ఉన్నవాటినే కొట్టాలి. రాత్రి చెట్టు మీద పడుకున్న పుంజు తెల్లారకముందే గబగబగబ అని కూస్తుంది. మనం పెట్ట గొంతుతో పిలుస్తాం, అది పురి విప్పుకుని వెతుక్కుంటూ వస్తుంది, రావాలి. ఆ కూత లేకపోతే మిగిలేది దోమలు, పిడుదులు (ఇక్కడి టిక్స్ గురించి ఇంకో థ్రెడ్ వేసుకోవచ్చు).

నాకీ పిచ్చి పట్టించింది మా పక్కింటి పెద్దాయన. 2016లో తన బాక్స్ కాల్ (పెట్ట గొంతు పలికించే చెక్క డబ్బా) చేతికిచ్చి, తలుపు కిర్రుమన్నట్టు మోగించడం నేర్పించాడు. ఆయన బంధువుల పొలం 120 ఎకరాలు, అప్పట్లో ఆ గట్టు మీద నిలబడితే ఆరేడు పుంజులు నలుమూలల నుంచీ కూసేవి, దేని దగ్గరికి వెళ్లాలో తెలిసేది కాదు. ఏటేటా తగ్గుతూ నిరుడు ఒకటికి వచ్చింది. ఈ ఏడు సున్నా. ఒకే ఒక్కసారి ఐదు జేక్‌లు, అంటే ఏడాది వయసు పుంజులు, నోరు మెదపకుండా వరసగా నా ముందు నుంచి నడిచి వెళ్లాయి. కొట్టలేదు.

మీ వైపు ఎలా ఉంది? మా అమ్మాయికి పదేళ్లు, వచ్చే ఏడు పిల్లల సీజన్‌కి తీసుకెళ్తానని మాటిచ్చాను. అసలు తనకి వినిపించడానికి ఏమైనా మిగులుతాయా అని నా భయం.

బోస్టన్_బుల్లోడు (మసాచుసెట్స్) · మే 11

అన్నా, వచ్చి మా కాలనీలోవి పట్టుకుపో. నవ్వులాటకి కాదు. మా అత్తగారు వైజాగ్ నుంచి వచ్చిన మూడో రోజే వాకింగ్‌కి వెళ్లి, ఒక పుంజు వెంటపడితే ఎవరివో మెట్లెక్కి నిలబడి ఫోన్ చేశారు. "కోడి కాదురా, ఇది నెమలికి గేదెకి పుట్టినట్టుంది" అన్నారు. కార్ల డోర్లలో తమ నీడ చూసుకుని ముక్కుతో పొడుస్తాయి, స్కూల్ బస్సుకి అడ్డం నిలబడతాయి. ఇక్కడ తగ్గడమనే మాటే లేదు.

అట్లాంటా_బాబాయ్ (జార్జియా) · మే 11

శీనూ, మాదీ అదే ఏడుపు. 2022లో మా రాష్ట్రం ఒక్కో వేటగాడి సీజన్ లిమిట్ మూడు పుంజుల నుంచి రెండుకి తగ్గించింది, సీజన్ మొదలు ఆలస్యం చేసింది, పబ్లిక్ ల్యాండ్‌లో ఇంకో వారం ఆలస్యం. అదే ఏడు అలబామా వాళ్లు ఐదు నుంచి నాలుగుకి దిగారు, మొదటి పది రోజులు డికాయ్ (ఎరగా పెట్టే బొమ్మ పక్షి) పెట్టకూడదన్నారు. నేను 2005 నుంచి వేటాడుతున్నాను, అప్పట్లో మూడు తేవడం పెద్ద విషయమే కాదు. ఇప్పుడు ఒకటి తెస్తే మా ఇంట్లో హారతిస్తున్నారు.

మీ మిజౌరీ అయితే టర్కీల రాజధాని కదయ్యా. మీకే లేకపోతే ఇంక మాకేం ఉంటాయి.

ఓజార్క్_శీను · మే 11

నిజమే బాబాయ్. 1950ల మొదట్లో మా రాష్ట్రం మొత్తం మీద రెండున్నర వేల పక్షులు కూడా కష్టమే అట. 1960లో మళ్లీ సీజన్ తెరిచారు. అక్కడి నుంచి పెరిగి పెరిగి 2004లో ఒక్క స్ప్రింగ్‌లో కొట్టినవే 60 వేలు దాటాయి. 2021కి ఆ లెక్క 35 వేల దగ్గరికి పడింది. మధ్యలో కాస్త కోలుకుంది అంటున్నారు, మా గట్టు మీద మాత్రం ఆ కోలుకోవడం నాకు కనపడలేదు.

సాత్విక_98 (శాన్ హోసే) · మే 12

చదువుతుంటే నాకొక్కటే అర్థం కావట్లేదు. పక్షులు తగ్గిపోతున్నాయని బాధపడేదీ మీరే, వాటిని కాల్చేదీ మీరే. వేట ఆపేస్తే సరిపోతుంది కదండీ? మన దేశంలో 1972లోనే చట్టం తెచ్చి ఆపేశారు. ఇంత సింపుల్ విషయానికి రాజధానులు, లిమిట్లు, హారతులు ఎందుకు?

డల్లాస్_డేగ (టెక్సస్) · మే 12

వచ్చారండీ. థాంక్స్‌గివింగ్ రోజు ఆఫీసులో టర్కీ సాండ్‌విచ్ ఎవరు తిన్నారో మేమూ చూశాం.

సాత్విక_98 · మే 12

నేను పుట్టు వెజిటేరియన్‌ని. ఇంకేమైనా ఉంటే చెప్పండి.

రోళ్లపాడు_రెడ్డి (నందికొట్కూరు) · మే 12

సాత్వికమ్మా, కోపగించుకోకు, మా ఊరి కథ ఒకటి చెప్తా. మా వైపు బట్టమేక పిట్ట ఉండేది. నిలబడితే మీటరు పొడుగు, ఎగరగలిగే పక్షుల్లో బాగా బరువైనవాటిలో ఒకటి. దాని కోసమే 1988లో రోళ్లపాడు అభయారణ్యం పెట్టారు. వేట లేదు, తుపాకీ లేదు. మా నాయన వాళ్లు పొలానికి పోతా చూసినోళ్లే. ఇప్పుడు బోర్డు మీద బొమ్మ ఉంది, పిట్ట లేదు.

ఎందుకంటే అది బతికేది గడ్డి బయళ్లలో, జొన్న, కొర్ర, కంది లాంటి మెట్ట పైర్ల పక్కన. నీళ్లొచ్చినాయి, పైర్లు మారినాయి, గడ్డి నేల పోయింది. కంచె వేసిన చోట కృష్ణజింకలు పెరిగి రైతుల చేలల్లో పడినాయి, ఆ కోపం పిట్ట మీదికి, అడవి శాఖ మీదికి మళ్లింది. చట్టం తుపాకీని ఆపింది గానీ ట్రాక్టర్‌ని ఆపలేదు.

అట్లని పాతకాలం వేట పాపం లేదని కాదు. దొరలు, జాగీర్దార్లు జీపుల్లో పడి కొట్టినారు, తగ్గింది ముందు అట్లనే. కానీ ఆపినంత మాత్రాన తిరిగి రాలేదు. అది చెప్పాలనిపించింది.

సాత్విక_98 · మే 12

ఇది నాకు తెలియదండీ. సరే, వింటున్నాను.

పిట్టల_పీహెచ్‌డీ (మిసిసిపీ) · మే 12, రాత్రి

నేను చదువుకునేది ఇదే కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

ముందు సాత్విక గారి ప్రశ్న. 1900 ప్రాంతంలో ఇక్కడ లెక్కాపత్రం లేని వేట, మార్కెట్లో అమ్ముకోవడానికి చంపడం, అడవులు నరికేయడం, అన్నీ కలిసి టర్కీలు చాలా రాష్ట్రాల్లో పూర్తిగా పోయాయి. తర్వాత కొన్ని దశాబ్దాలు ఫారంలో పెంచిన పక్షుల్ని అడవిలో వదిలి చూశారు. అవన్నీ దండగ, తల్లి నేర్పని పిల్లలు అడవిలో బతకవు. అసలు మలుపు 1951లో సౌత్ కరోలినాలో వచ్చింది. మొక్కజొన్న గింజలు చల్లి, పక్షులు మూగాక ఫిరంగి గొట్టాలతో వల ఎగరేసి గుంపును గుంపుగా పట్టారు. అలా పట్టిన అడవి పక్షుల్ని లేనిచోట వదిలితే నిలదొక్కుకున్నాయి. బోస్టన్ బ్రో, మీ అత్తగారిని తరిమిన పుంజు ముత్తాతలు ఆ బాపతే. 1972-73లో న్యూయార్క్ నుంచి తెచ్చి మీ రాష్ట్రం పడమటి కొండల్లో వదిలినవి 37 పక్షులు, అంతే. ఇప్పుడు వేలకు వేలు. రాష్ట్రాలు వీటిని మారకం కూడా వేసుకున్నాయి, మిజౌరీ టర్కీలనిచ్చి నీటికుక్కలు తెచ్చుకుంది.

ఇదంతా చాలావరకు వేటగాళ్ల డబ్బుతోనే జరిగింది. 1937 చట్టం ప్రకారం పొడవు తుపాకుల మీద, తూటాల మీద 11 శాతం పన్ను, అది రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకి పోతుంది. లైసెన్స్ డబ్బు అదనం. అందుకే ఇక్కడ వేట ఆగితే ఖజానా కూడా ఆగుతుంది. ఇది మంచి ఏర్పాటని నేననను, ఉన్న ఏర్పాటు ఇది.

ఇప్పుడు తగ్గడం సంగతి. దేశం మొత్తం మీద ఇరవయ్యేళ్ల కిందట దాదాపు 70 లక్షలు ఉండేవి, ఇప్పుడు 60 లక్షల పైచిల్లర. అంటే అంతరించిపోయే జాతేం కాదు. దెబ్బ గట్టిగా తగిలింది ఆగ్నేయ రాష్ట్రాల్లో, మధ్య పశ్చిమంలో. పెద్ద పక్షులు చావడం కంటే పిల్లలు బతక్కపోవడం అసలు రోగం. పెట్ట నేల మీద పది పన్నెండు గుడ్లు పెట్టి 28 రోజులు పొదుగుతుంది. ఆ నాలుగు వారాలూ రకూన్, పాసమ్, స్కంక్, పాము, కాకి, ఎవరి వంతు వాళ్లది. చాలాచోట్ల నాలుగు గూళ్లలో ఒకటి కూడా పిల్లల దాకా రావట్లేదు. వచ్చిన పిల్లలకి రెండు వారాల దాకా చెట్టెక్కే రెక్కలుండవు, రాత్రి తల్లి రెక్కల కింద నేల మీదే పడక. ఆ రెండు వారాల్లోనే సగానికి పైగా పోతాయి. వేసవి చివర్లో లెక్కేస్తే పెట్టకి రెండు పిల్లలైనా ఉంటేనే గుంపు నిలబడుతుందని మా వాళ్ల మోటు లెక్క. చాలా రాష్ట్రాల్లో కొన్నేళ్లుగా అది రెండు దాటడం లేదు.

ఓజార్క్_శీను · మే 12, రాత్రి

అయితే రకూన్లని పడితే సరిపోతుందా? 1980లలో తోలు ధరలు పడిపోయాక ఇక్కడ ఉచ్చులు వేసేవాళ్లే లేరని మా పెద్దాయన రోజూ తిడతాడు.

పిట్టల_పీహెచ్‌డీ · మే 13

కొంత నిజముంది. కానీ ఏటా, పెద్ద విస్తీర్ణంలో, సరిగ్గా గుడ్లు పెట్టే ముందు పట్టాలి. ఈ పొలంలో పట్టి పక్క పొలంలో పట్టకుండా ఊరుకుంటే నెలలో కొత్తవి వచ్చి కూర్చుంటాయి. నా మటుకు నేను డబ్బు ఉంటే ముందు గడ్డి మీద పెడతాను. మోకాలెత్తు గడ్డి, పొదలు, పూల మొక్కలు కలిసి ఉంటే గూడు కనపడదు, పిల్లలకి పురుగులు దొరుకుతాయి. శీను గారూ, మీ 120 ఎకరాల్లో ఫెస్క్యూ (పశువుల మేత గడ్డి) ఎంత ఉంది?

ఓజార్క్_శీను · మే 13

పట్టుకున్నావు. సగం అదే. దుప్పటి పరిచినట్టు ఉంటుంది. అడవి ముక్క కూడా ముదిరిపోయి కింద నీడ తప్ప ఏమీ మొలవదు.

పిట్టల_పీహెచ్‌డీ · మే 13

అదే సమస్య. పచ్చగా కనిపిస్తుంది గానీ కోడిపిల్ల నడవలేనంత దట్టంగా ఉంటుంది, లోపల పురుగు ఉండదు. ముదిరిన అడవిలో కొన్ని చెట్లు తీసి, రెండు మూడేళ్లకోసారి చలికాలం చివర్లో పద్ధతిగా మంట పెడితే కింద గడ్డి లేస్తుంది. సొంతంగా చేయకండి, మీ కౌంటీలో నేర్పేవాళ్లుంటారు, వాళ్లతో చేయించండి.

కోళ్లషెడ్డు_కిట్టు (వాయవ్య ఆర్కాన్సా) · మే 13

మా రాష్ట్రం సంగతి ఎవరూ ఎత్తలేదేం. 2003లో దాదాపు 20 వేలు కొట్టాం, ఆ తర్వాత సగం కంటే కిందికి వెళ్లిపోయింది. సీజన్‌ని ఏప్రిల్ మూడో సోమవారానికి తోసేశారు, పెద్దవాళ్లు జేక్‌ని ముట్టకూడదు.

నేను కోళ్ల పరిశ్రమలో పనిచేస్తా, కాబట్టి నా అనుమానం ఇంకోటి. ఇక్కడ షెడ్లలో ఊడ్చిన చెత్తంతా ఎరువుగా పచ్చికల మీద చల్లుతారు. కోళ్లకి పెద్దగా ఏమీ చెయ్యని బ్లాక్‌హెడ్ రోగం టర్కీకి సోకితే కాలేయం కుళ్లి చస్తుంది. మా ఊళ్లో ముసలి వేటగాళ్లు ముక్తకంఠంతో అదే కారణం అంటారు.

పిట్టల_పీహెచ్‌డీ · మే 13

బ్లాక్‌హెడ్ చంపుతుంది, అందులో సందేహం లేదు. మొత్తం తగ్గుదలకి అదే కారణమని మాత్రం ఎవరూ నిరూపించలేదు. ఎల్‌పీడీవీ అని ఇంకో వైరస్ ఉంది, 2009లో మొదటిసారి ఇక్కడి అడవి టర్కీల్లో కనపడింది, వెతికితే చాలా పక్షుల్లో ఉంది, కానీ ఎక్కువ వాటికి జబ్బు లక్షణాలే ఉండవు. చచ్చిన పక్షి రోజులో మాయమైపోతుంది, ఏ నక్కో తినేస్తుంది, అందుకే రోగాల లెక్క తేల్చడం నరకం.

అట్లాంటా_బాబాయ్ · మే 13

మీరంతా పిల్లల గురించే మాట్లాడుతున్నారు, మరి మా జార్జియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మైకేల్ చాంబర్లిన్ సంగతి? ఆయన చెప్పేదేంటంటే, పెట్టలు గుంపులో పెత్తందారు పుంజునే ఎంచుకుంటాయి, సీజన్ మొదటి రోజుల్లోనే మనం దాన్ని లేపేస్తే జత కట్టడమే చెదిరిపోతుంది. మా రాష్ట్రం సీజన్ వెనక్కి జరిపింది ఆ ఆలోచనతోనే.

పిట్టల_పీహెచ్‌డీ · మే 13

ఆ వాదన కొట్టిపారేసేది కాదు. కానీ టెన్నెసీలో ఐదారేళ్లు దీన్ని పరీక్షించారు. కొన్ని కౌంటీల్లో సీజన్ రెండు వారాలు ఆలస్యంగా తెరిచి, మిగతా కౌంటీలతో పోల్చి చూశారు. గూళ్లు, పిల్లలు ఏమీ మెరుగుపడలేదు. అలాగని ఆలస్యం వల్ల నష్టమూ లేదు, మిగిలిన పుంజు మిగులుతుంది.

ఇంకోటి, శీను గారి మూగ అడవి గురించి. సౌత్ కరోలినాలో సవానా రివర్ సైట్ దగ్గర చెట్లకి రికార్డర్లు కట్టి విన్నారు. వేట లేని చోట కూతలు సీజన్ పొడుగునా ఉన్నాయి. వేట ఉన్న చోట సీజన్ మొదలవగానే పడిపోయాయి. కూసేవి పోతాయి, మిగిలినవి నోరు మూసుకుంటాయి. కాబట్టి కూత లేదంటే పుంజే లేదని కాదు.

డల్లాస్_డేగ · మే 14

ఇదంతా ఓవర్ థింకింగ్ బ్రో. మా దగ్గర రియో గ్రాండ్ రకం, వాన పడిన ఏడు బోలెడు, ఎండిన ఏడు తక్కువ, అంతే. వేటగాడి తప్పేం లేదు. నేను ఈసారి టంగ్‌స్టన్ తూటాతో 58 గజాల్లో కొట్టా, అలా పడింది. పైగా తోక విసనకర్ర ముందు పట్టుకుని పాకుతూ వెళ్తే పుంజు అదే మీదికి పరిగెత్తుకొస్తుంది, వీడియో పెడతా చూడండి.

అట్లాంటా_బాబాయ్ · మే 14

పెట్టకు నాయనా. నువ్వు చేసిందాన్ని రీపింగ్ అంటారు, కొన్ని చోట్ల నిషేధం, ఎందుకంటే ఆ విసనకర్ర వెనక ఉన్నది మనిషని అవతలి వేటగాడికి తెలియదు. పిల్లలున్నవాడివి. ఎరుపు, తెలుపు, నీలం బట్టలే వేసుకోవద్దని మొదటి క్లాసులో చెప్తారు, పుంజు తల రంగులని. నువ్వేమో ఏకంగా పుంజువే అయిపోయావు.

భీమవరం_బంగార్రాజు (న్యూజెర్సీ) · మే 14

డేగ అని పేరు పెట్టుకుని నెమలి పింఛం వెనక దాక్కోవడమేంటండీ, మా బరిలో అయితే ఎదురుగా దింపుతాం. 😄

డల్లాస్_డేగ · మే 14

అందరూ కలిసి నన్నే వేసుకోండి. చట్టంలో ఉన్నదే చేశా.

ఓజార్క్_శీను · మే 14

డేగా, చట్టంలో ఉన్నదే చేశావు, నేను కాదనను. నా బాధ వేరు. మా పెద్దాయన కాలంలో సీసం గుళ్లు, 35 గజాల లోపు వస్తే గానీ కొట్టేవాళ్లు కాదు. తప్పించుకునే పుంజు తప్పించుకునేది. ఇప్పుడు ఆ దూరం దాదాపు రెట్టింపు అయింది, ఫోన్‌లో మ్యాప్ ఎవరి పొలం ఎక్కడో గీత గీసి చూపిస్తుంది, ప్లాస్టిక్ పుంజు కదులుతుంది, 2020లో అందరూ ఇంట్లో కూర్చోలేక అడవిలో పడ్డారు, సగం మంది అక్కడే ఉండిపోయారు. పిల్లలు తక్కువ పుడుతున్నప్పుడు పెద్దవాటిని పట్టడం తేలికైపోతే ఎలా? మా రాష్ట్రం 2024 నుంచి ప్రైవేట్ భూమిలో సాయంత్రం దాకా వేటాడొచ్చంది. అంతకు ముందు మధ్యాహ్నం ఒంటిగంటకి తుపాకీ దించాలి. ఆ ఒంటిగంట రూలు నాకిష్టం. ఇంటికెళ్లి నిద్రపోయేవాడిని, పుంజూ ఊపిరి పీల్చుకునేది.

సాత్విక_98 · మే 14

శీను గారూ, అడగొచ్చో లేదో. మీ దగ్గర సీజన్‌కి రెండు ట్యాగులు, అంటే రెండు పుంజులకి అనుమతి, ఉంటుందట కదా. ఇన్ని తెలిసీ, వచ్చే ఏడు రెండూ వాడతారా?

కొత్తగా_వచ్చా (కాన్సస్ సిటీ) · మే 14

మధ్యలో అడుగుతున్నందుకు సారీ. నేను హెచ్1బీ మీద ఉన్నా, నాకు వేటకి వెళ్లాలని ఉంది. తుపాకీ ముట్టుకుంటే వీసాకి ప్రాబ్లం అని రూమ్మేట్ టెన్షన్ పెడుతున్నాడు.

అట్లాంటా_బాబాయ్ · మే 14

రూమ్మేట్ సగం కరెక్ట్. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా వాళ్లు తుపాకీ, తూటాలు కొనకూడదు, దగ్గర పెట్టుకోకూడదు. కానీ ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే దానికి మినహాయింపు ఉంది. లైసెన్స్ గడువు అయిపోయిన మర్నాడు ఆ మినహాయింపు కూడా అయిపోతుంది, అక్కడే మనవాళ్లు పొరపాటు పడతారు. ముందు హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు చెయ్యి, ఆ తర్వాత లాయర్‌ని ఒక మాట అడుగు. ఇంక ఇది వేరే థ్రెడ్‌లో.

మోడరేటర్ · మే 14

వీసా ప్రశ్నలు వీసా విభాగంలో. డేగ గారు, వీడియో తీసేశాను, రక్తం ఉన్నవి ఇక్కడ పెట్టకూడదు.

విచిత_వెంకట్ (కాన్సస్) · మే 15

నాలుగు రోజుల తర్వాత చూశా. మా దగ్గర 2023లో ఫాల్ (ఆకురాలు కాలం) సీజన్ మొత్తంగా ఎత్తేశారు. బయటి రాష్ట్రాల వాళ్లు స్ప్రింగ్‌కి లాటరీలో రావాలి. ఒక్కో సీజన్‌లో నాలుగైదు రాష్ట్రాలు తిరిగి కొట్టే బాపతు ఉన్నారు కదా, వాళ్ల పికప్‌లు తగ్గాయి, మోటెల్ నడిపే మా గుజరాతీ ఫ్రెండ్‌కి మాత్రం గిరాకీ పడిపోయింది.

ఫాల్ సీజన్ ఆపడం నాకు నచ్చింది. స్ప్రింగ్‌లో పుంజునే కొడతాం, ఫాల్‌లో చాలాచోట్ల పెట్టని కూడా కొట్టొచ్చు. గుడ్లు పెట్టేదాన్ని చంపితే లెక్క వేరు, దీనికి పీహెచ్‌డీ అక్కర్లేదు (సారీ పీహెచ్‌డీ గారు).

పిట్టల_పీహెచ్‌డీ · మే 15

సారీ ఎందుకండీ, ఈ థ్రెడ్ మొత్తంలో నేను పూర్తిగా ఒప్పుకునే మాట అదొక్కటే.

రోళ్లపాడు_రెడ్డి · మే 15

మీ మాటలు చదివితే మా చిన్నప్పుడు కౌజు పిట్టలు పట్టేటోళ్లు గుర్తొచ్చినారు. బోనులో పెంపుడు పిట్టని పెట్టి, అది కూస్తే కొట్లాటకి వచ్చే అడవి పిట్టని ఉచ్చులో పట్టేది. మీ బాక్స్ కాల్ కూడా అదే విద్య కదా. వాళ్లలో ఒక ముసలాయన ఉండేవాడు, గుడ్లు పెట్టే కాలంలో బోను ఇంట్లోనే పెట్టి కూలికి పోయేవాడు. ఎవరూ చెప్పలా ఆయనకి.

పక్క జిల్లా కడపలో కలివికోడి సంగతి కూడా అట్లాంటిదే. అందరూ పోయిందనుకున్నాక 1986లో మళ్లీ దొరికింది, పట్టిచ్చింది పిట్టలు పట్టే మనిషే. చదువుకున్నోళ్లకి కనపడలా.

ఓజార్క్_శీను · మే 16

సాత్విక గారికి జవాబు బాకీ ఉన్నా. రెండు రోజులు ఆలోచించా. వచ్చే ఏడు రెండో ట్యాగు వాడను. మొదటిది కూడా, మా అమ్మాయికి ముందు కూత వినపడితేనే. దీనివల్ల రాష్ట్రం లెక్కల్లో ఏమీ మారదని తెలుసు. లైసెన్స్ డబ్బు మాత్రం కట్టేస్తా.

పెద్దాయనతో ఫెస్క్యూ గురించి మాట్లాడా. ఆయన బావమరిది ఆవులకి అదే మేత, తీసేయడానికి ఒప్పుకోడు. బేరమాడితే వాగు పక్కన ఎనిమిది ఎకరాలు వదిలేస్తానన్నాడు, ఎండుగడ్డి కోత కూడా జూలై దాకా ఆపుతానన్నాడు. మే, జూన్‌లో కోత మిషన్ కింద గూళ్లు పోతున్నాయని చెప్తే ఆ బావమరిది ముసలాయన కాసేపు మాట్లాడలేదు. యాభై ఏళ్లుగా ఆయన కోసింది ఆ నెలల్లోనే.

పిట్టల_పీహెచ్‌డీ · మే 16

ఎనిమిది ఎకరాలు చిన్నదేం కాదు. ఇంకో మాట, మీకు కనిపించిన ఐదు జేక్‌ల గురించి. 2024లో మీ వైపు పదమూడేళ్లకోసారి నేలలోంచి వచ్చే సికాడా పురుగులు వచ్చాయి కదా, నేలంతా పురుగే. టర్కీలకి అది పెళ్లి భోజనం. గుడ్లు తినే జంతువులకీ వేరే తిండి దొరుకుతుంది. ఆ ఏడు పుట్టినవే మీ ఐదూ. జేక్ పెద్దగా కూయదు, కూసినా గొంతు విరిగినట్టు ఉంటుంది. రెండేళ్లు నిండిన పుంజే అసలు నోరున్నది. మీరు వదిలేసినవి బతికుంటే 2026 ఏప్రిల్‌లో వినపడాలి.

భీమవరం_బంగార్రాజు · మే 16

ఇంతకీ తిండి సంగతి ఎవరూ చెప్పలేదు. అడవి టర్కీ కాళ్లు కుక్కర్‌లో ఎన్ని విజిల్స్?

అట్లాంటా_బాబాయ్ · మే 16

రొమ్ము ముక్క పలచగా కోసి వేపుడు, అయిదు నిమిషాలు. కాళ్లు మాత్రం పది విజిల్స్ పెట్టి, నరాలు ఏరి పారేసి, అప్పుడు నాటుకోడి పులుసు మసాలాతో. నరాలు తీయకుండా వండితే గుమ్మానికి కట్టుకోవచ్చు.

ఓజార్క్_శీను · ఆగస్టు 17

పాత థ్రెడ్ లేపుతున్నా, ఏమీ అనుకోకండి. మా రాష్ట్రంలో జూన్ నుంచి ఆగస్టు దాకా ఎవరైనా టర్కీ పెట్టలు, పిల్లలు కనపడితే లెక్కపెట్టి పంపొచ్చు. ఈసారి నేనూ అమ్మాయీ పంపుతున్నాం. పిల్లలు లేని పెట్ట కనపడినా రాయాలి, అదే చాలామంది రాయరు.

జూన్‌లో మూడు పెట్టలు, పిల్లలు సున్నా. జూలైలో ఒక పెట్ట, సున్నా. అమ్మాయి ఏడుపు మొహం పెట్టి "సున్నా రాయాల్సిందేనా నాన్నా" అంది. రాయించా.

నిన్న సాయంత్రం వాగు పక్క ఎనిమిది ఎకరాల్లో, గడ్డి నడుం దాకా ఉంది, రెండు పెట్టలు బయటికొచ్చాయి. వెనకాల గడ్డి కదులుతోంది గానీ ఏమీ కనపడదు. అమ్మాయి కారు మీదెక్కి లెక్కపెట్టింది. ఐదు అంది. నాకు నాలుగే కనపడ్డాయి. వాదించుకుని నాలుగే రాశాం.

బోస్టన్_బుల్లోడు · ఆగస్టు 17

అమ్మాయి లెక్కే కరెక్ట్ అయ్యుంటుంది అన్నా, నీకు కళ్లజోడు మార్చాలి. మా అత్తగారు మళ్లీ అక్టోబర్‌లో వస్తున్నారు, ఈసారి కర్ర కొనిపెట్టమన్నారు.